ఎప్పుడూ జనవరి ఒకటే చూపించే కెమెరా

రండి, కాస్త ముందుకు జరిగి కూర్చోండి. ఆ ఫ్యాను చప్పుడులో నా మాట మీకు వినపడదు. ఒక దొంగతనం సంగతి చెబుతాను. పోయిన వస్తువు పెద్దదేం కాదు. అరచేతిలో పట్టే కెమెరా, ఒక బిస్కెట్ల డబ్బా. అంతే. నాకు చదువు రాదు గానీ తారీకులు మర్చిపోను. మధ్యలో లేవకుండా వినండి.

2009 మార్చి 13. శుక్రవారం. గుంటూరు బ్రాడీపేటలో ఒక అడ్డరోడ్డు.

మధ్యాహ్నం మూడు గంటల నలభై ఐదు నిమిషాలు.

ప్రేమదాసు మాస్టారు కునుకు తీసి ముందుగదిలోకి వచ్చారు. బల్ల మీద చెయ్యి పెట్టి తడిమారు. కళ్లజోడు దొరికింది. కెమెరా దొరకలేదు.

గూట్లోకి చూశారు. బిస్కెట్ల డబ్బా కూడా లేదు.

మాస్టారు ముప్పై ఏళ్లు బడిలో డ్రాయింగు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయారు. పిల్లలు లేరు. పొద్దున్నే ఆరింటికి ఇల్లు వదిలి, ఊరి వీధుల్లో నడుస్తూ ఫోటోలు తీయడమే ఆయన లోకం. మొదట్లో మెడలో పెద్ద ఫిల్ము కెమెరా ఉండేది. తర్వాత కొత్త డిజిటల్ కెమెరా కొన్నారు. అది కనపడగానే జనం జుట్టు సవరించుకునేవాళ్లు. టీ కొట్టతను గ్లాసు ఎత్తి పట్టుకుని నవ్వేవాడు. వీధి వీధిలా ఉండేది కాదు.

2005లో, కెమెరాలు రిపేరు చేసే సుభానీ కొట్లో, పనికిరాని సామాను సొరుగులో ఈ పాత కెమెరా ఆయన కంటపడింది. 2001 నాటిది. రెండు మెగాపిక్సెళ్లు. వెండి రంగు, సబ్బుపెట్టె సైజు. లోకమంతా పది మెగాపిక్సెళ్లు, పన్నెండు మెగాపిక్సెళ్లు అని ముందుకు పరిగెడుతుంటే, ఆయన వెనక్కి వెళ్లి దాన్ని పట్టుకున్నారు. సుభానీ రెండు రోజులు కూర్చుని బాగుచేసి, ఉత్తినే చేతిలో పెట్టాడు.

దాన్ని ఎప్పుడూ కంటికి ఆనించేవారు కాదు మాస్టారు. గుండెల దగ్గర పట్టుకుని, వెనకున్న చిన్న తెరలోకి ఓరగా చూస్తూ నొక్కేవారు. నొక్కాక బొమ్మ పడటానికి ఒక ఊపిరంత సేపు పట్టేది. ఆ ఊపిరిలోపల ఎదుటి మనిషి మొహం మామూలుగా అయిపోయేది. మిరపకాయల ఎరుపు ఇందులో పడినట్టు ఇంకెందులోనూ పడదని ఆయన నమ్మకం.

దానికి ఒకటే రోగం. బ్యాటరీ సెల్లులు తీస్తే లోపలి గడియారం చచ్చిపోయేది. మళ్లీ వేస్తే 2001 జనవరి ఒకటి, రాత్రి పన్నెండు గంటల నుంచి మొదలు. ఆ తారీకు ప్రతి ఫోటో మూలనా పడేది.

"గడియారం బాగుచెయ్యనా మాస్టారూ?" అని సుభానీ అడిగేవాడు.

"వద్దులేవయ్యా. మనిద్దరికీ ఎప్పుడూ జనవరి ఒకటే. హ్యాపీ న్యూ ఇయర్!"

రోజూ పొద్దున ఇద్దరూ కలిసి నడిచేటప్పుడు ఇదే జోకు. నాలుగేళ్లు ఇదే జోకు.

అలా తీసిన ఫోటోలన్నీ నలభై ఒక్క మెమరీ కార్డుల్లో ఉన్నాయి. గోరంత కార్డులు. అవే ఆ బిస్కెట్ల డబ్బాలో ఉన్నవి. ఇంకో తొమ్మిది రోజుల్లో, 22వ తారీకు ఆదివారం, ఊళ్లో హాలు తీసుకుని మొదటిసారి అందరికీ చూపించాలి. మర్నాడు పొద్దున్నే ప్రింటుకు ఇవ్వాలి.

డబ్బా పోయింది.

తాళం పగలలేదు. తలుపు విరగలేదు. పక్క కిటికీలోంచి చెయ్యి పెడితే లోపలి గొళ్లెం అందుతుంది. ఆ కిటుకు బయటివాళ్లలో ముగ్గురికే తెలుసు. ఒకరు సుభానీ. రెండు, మాస్టారి శిష్యుడు శ్రీకృష్ణ. మూడు, ఎదురింట్లో ఉండే గురవమ్మ. మిరపకాయల షెడ్డులో తొడిమలు తీసే కూలిమనిషి.

మూడు గంటల యాభైకి మాస్టారు శ్రీకృష్ణకు ఫోన్ చేశారు. అతను స్కూటర్ వేసుకుని వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్లవాడు. ఆరో తరగతిలో మాస్టారి దగ్గర పెన్సిల్ పట్టడం నేర్చుకున్నవాడు. బ్రాడీపేటలోనే స్టూడియో పెట్టి, పెళ్లి ఆల్బమ్‌లు, ఫ్లెక్సులు చేస్తుండేవాడు. మాస్టార్ని వెనక కూర్చోబెట్టుకుని స్టేషన్‌కు తీసుకెళ్లాడు. ఫిర్యాదు తనే అందమైన దస్తూరీతో రాశాడు.

"అనుమానం ఎవరి మీద?" హెడ్ కానిస్టేబుల్ బుల్లయ్య అడిగాడు.



"సుభానీ పేరు రాయనా మాస్టారూ? ఉట్టి అనుమానమేలెండి. రెండున్నరకు మీ ఇంటికొచ్చిందైతే ఆయనే గదా" అన్నాడు శ్రీకృష్ణ.

మాస్టారు తల దించుకున్నారు. కాదనలేదు. సంతకం పెట్టారు.

అప్పటికి నాలుగు గంటల నలభై ఐదు.

సాయంత్రం బుల్లయ్య ఎదురింటి గురవమ్మను అడిగాడు. రెండున్నరకు సుభానీ రావడం, సంచి పట్టుకుని వెళ్లడం చూశానంది. సంచి బరువుగా ఉందంది. ఆరున్నరకు సుభానీ కొట్టు సోదా చేశారు. కింది సొరుగులో, పాత ఫ్లాష్‌ల కింద కెమెరా దొరికింది. బుల్లయ్య ఆన్ చేశాడు. చివరి ఫోటో తెర మీదికి వచ్చింది.

సుభానీ కొట్లో బల్ల. బల్ల మీద స్క్రూడ్రైవర్లు. మూల తారీకు: 2009 మార్చి 13. టైమ్: మధ్యాహ్నం మూడూ పది.

"మూడూ పదికి కొట్లో ఎవరున్నారు?"

"నేనే ఉన్నా. ఒక్కణ్ణే ఉన్నా" అన్నాడు సుభానీ.

"అయితే కెమెరా నువ్వే తెచ్చావు."

సుభానీ ఆ చిన్న తెర వంక చూశాడు. 

"మాస్టార్ని అడగండి" అన్నాడు.

 జీపెక్కించారు. బజారంతా చూసింది.

*

శనివారం. ఉదయం తొమ్మిది గంటలు.

ఎస్సై దేవకుమారి రెండు రోజుల సెలవు ముగించుకుని డ్యూటీకి వచ్చింది. ప్రత్తిపాడు దగ్గర మనిషి. తల్లి మిరపచేలో కూలీ. ఎక్కువ మాట్లాడదు. ఎదుటివాళ్లు ఎక్కువ మాట్లాడేలా ఊరుకుంటుంది.

స్టేషన్ గేటు దగ్గర టిఫిన్ క్యారియర్ పట్టుకుని ఒకామె నిలబడి ఉంది. సుభానీ భార్య చాంద్‌బీ.

"ఆ కెమెరా ఆయనకిచ్చింది మేమేనమ్మా" అంది చాంద్‌బీ. "ఇచ్చినోడు దొంగిలిస్తాడా? కూతురికి మొన్ననే సంబంధం ఖాయమైంది. పొద్దున వాళ్లు ఫోన్ చేశారు. దొంగింటి పిల్ల మాకెందుకంటన్నారు."

దేవకుమారి ఆ మాట విని లోపలికి వెళ్లింది.

"కేసు అయిపోయింది మేడమ్. రికవరీ కూడా అయిపోయింది" అన్నాడు బుల్లయ్య హుషారుగా.

"డబ్బా ఏది?"

"అదొక్కటే చెప్పట్లేదు మేడమ్. మొండోడు. ఎంతడిగినా 'మాస్టార్ని అడగండి' అంటన్నాడు."

"అడిగారా?"

"ఏం అడగాలి మేడమ్? ఫిర్యాదిచ్చిందే ఆయన!"

"కెమెరా మీద వేలిముద్రలు?"

బుల్లయ్య తల గోక్కున్నాడు. "ఇప్పుడు తీస్తే నావే ఉంటయ్యి మేడమ్."

దేవకుమారి కెమెరా చేతిలోకి తీసుకుంది. ఆన్ చేసింది. చివరి ఫోటో వచ్చింది.

"ఈ బాణం గుర్తు నొక్కారా? దీనికి ముందు ఫోటోలు చూశారా?"

"ఎందుకు మేడమ్? మనక్కావలసింది ముందే కనపడిందిగా."

ఆమె బాణం నొక్కింది. ఒకటి. రెండు. ఇరవై మూడు సార్లు నొక్కింది. ఒక్కో ఫోటో మూల ఏముందో చూసింది.

తర్వాత లేచి, కెమెరాను గోడ మీదున్న స్టేషన్ గడియారానికి గురిపెట్టి ఒక ఫోటో తీసింది.

"గడియారం ఫోటో ఎందుకు మేడమ్?"

"బాగుంది కదా, అందుకని."

జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసింది. కెమెరా వెనక, కన్ను పెట్టి చూసే చిన్న కిటికీ ఉంటుంది. దాన్ని తుడిచింది. రుమాలు చూసుకుంది. మడిచి కవర్లో పెట్టింది. కెమెరా సెల్లులు ఎవరూ తీయొద్దని చెప్పి బయటికి నడిచింది.

పదింటికి గురవమ్మ ఇల్లు.

"ఏమ్మా, నువ్వు ఎస్సైవా? మా అబ్బాయి ప్రభు కూతురంత కూడా లేవు! కూర్చో, మజ్జిగిస్తా."

"తర్వాత తాగుతా పెద్దమ్మా. నిన్న మీరు షెడ్డుకెళ్లలేదా?"

"చేతులు మంటలెత్తి ఇంట్లోనే పడున్నా. ఇదిగో చూడు, గోళ్ల సందులు."

"సుభానీ ఎంతసేపున్నాడు లోపల?"

"ఎంతసేపు? ఇట్టా వచ్చాడు, అట్టా పోయాడు. రోజూ వస్తాడుగా. చార్జింగు పెట్టిన సెల్లులిస్తాడు, అయిపోయినయ్యి తీసుకుపోతాడు."

"చేతిలో?"

"గుడ్డసంచి. బరువుగా ఉంది."

"మీరు పట్టుకుని చూశారా?"

"నేనెందుకు పట్టుకుంటా?"

"మరి బరువని ఎలా తెలిసింది?"

గురవమ్మ కొంగు సర్దుకుంది.

"అట్టా అనిపించిందమ్మా... ఆ పోలీసాయన అడుగుతుంటే నోటికొచ్చింది."

"తర్వాత ఇంకెవరైనా వచ్చారా?"

"ఏమో. రెండూ నలభైకి కుళాయి వచ్చింది. బిందె తీసుకుని సందు చివరికి పోయా. మూడింటిదాకా అక్కడే ఉన్నా."

పదకొండింటికి మాస్టారి ఇల్లు. మాస్టారు అన్నం తినలేదు. గడ్డం గీసుకోలేదు.

"ఈ ఫోటోలకు ఇంకెక్కడైనా కాపీలున్నాయా సార్?"

"రెండేళ్ల కింద శ్రీకృష్ణ తన కంప్యూటర్లో ఎక్కించుకున్నాడమ్మా, భద్రంగా ఉంటాయని. నిన్న అడిగాను. ఆ డిస్కు పాడైపోయిందట. ఏడాదైందట."

"పాడైనప్పుడు మీకు చెప్పలేదా?"

"బాధపడతానని చెప్పలేదట."

"నిన్న పొద్దున ఎక్కడెక్కడ తీశారు?"

"చివర్లో మిరపకాయల షెడ్డులో. తలుపులోంచి ఎండ పడుతోంది. మిరప దుమ్ము ఎగిరి కనపడుతోంది. ఇరవై దాకా తీశాను." ఆయన ఖాళీ గూటివైపు చూశారు. "సుభానీ ఎందుకు చేశాడంటావమ్మా?"

"మీరే చెప్పాలి సార్. మీరే కదా సంతకం పెట్టింది."

పన్నెండున్నరకు శ్రీకృష్ణ స్టూడియో. అతను నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"ఏసీ గదిలో చలవ కళ్లద్దాలేంటి?"

"కళ్లకలక మేడమ్." అద్దాలు తీశాడు. కుడి కన్ను వాచి, చింతనిప్పులా ఉంది. నీళ్లు కారుతున్నాయి. ఎడమ కన్ను తెల్లగా ఉంది.

"ఎప్పటినుంచి?"

"నిన్న సాయంత్రం నుంచి."

"నిన్న మధ్యాహ్నం ఎక్కడున్నారు?"

"మూడింటినుంచి మూడున్నర దాకా కోచింగ్ సెంటర్లో గ్రూప్ ఫోటో. రెండొందల మంది సాక్షులు." నవ్వాడు. నవ్వితే కన్ను మండినట్టుంది, రుమాలు అద్దుకున్నాడు. "ఒక్క నిమిషం మేడమ్, చుక్కలు వేసుకుని వస్తా."

లోపలి గదిలోకి వెళ్లాడు.

బల్ల మీద ఢిల్లీ నుంచి వచ్చిన కొరియర్ కవరు ఉంది. చించి ఉంది. అందులో నున్నటి కాగితాల పుస్తకం. ఏదో ఫోటోల పోటీలో గెలిచినవాళ్ల బొమ్మలు. పద్నాలుగో పేజీ దగ్గర దేవకుమారి చెయ్యి ఆగింది.

మిరపకాయల షెడ్డు. కుప్పల మధ్య ఆడవాళ్లు. ఒకామె తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. బొమ్మ కింద మొదటి బహుమతి అని ఇంగ్లీషులో ఉంది. పేరు కూడా ఉంది.

బొమ్మ కుడి చేతివైపు కింది అంచు మిగతా పేజీల్లో బొమ్మల కన్నా ఇరుకుగా ఉంది. ఎవరో కత్తిరించినట్టు.

ఆమె తన సెల్‌ఫోన్‌తో ఆ పేజీ ఫోటో తీసుకుంది. పుస్తకం ఉన్నచోటే పెట్టింది.

ఒంటిగంటకు దేవకుమారి ఫోన్ పట్టుకుని మళ్లీ గురవమ్మ గుమ్మంలో ఉంది.

"పెద్దమ్మా, ఈ నవ్వేది ఎవరు?"

"అయ్యో, నేనే! మూడేళ్ల కిందటి సంగతి. మాస్టారు ఏదో అంటే నవ్వలేక చచ్చా. ఈ ఫోనులోకి ఎట్టా వచ్చిందమ్మా?"

"శ్రీకృష్ణ తీసి ఉండొచ్చుగా?"

"ఆ బాబా? ఒకసారి మా షెడ్డు గడపదాకా వచ్చాడు. రెండు తుమ్ములు తుమ్మి పారిపోయాడు. లోపల అడుగు పెట్టిందెప్పుడు? ఆ కింద ఏదో రాసుందే, ఏం రాసుందమ్మా?"

"తీసినవాళ్ల పేరు."

"మాస్టారిదేనా?"

దేవకుమారి ఫోన్ జేబులో పెట్టుకుంది. "సాయంత్రం అయిదింటికి సుభానీ కొట్టుకు రండి" అంది.

*

శనివారం. సాయంత్రం అయిదు గంటలు.

సుభానీ కొట్టు చిన్నది. దేవకుమారి కాక అయిదుగురు నిలబడితే నిండిపోయింది. మాస్టారు. శ్రీకృష్ణ. గురవమ్మ. బుల్లయ్య పక్కన సుభానీ. సుభానీ మాస్టారి వైపు చూడలేదు. మాస్టారు ఇంకెటూ చూడలేదు.

"సుభానీ, నిన్న అయిదింటికి మీరెక్కడున్నారు?" దేవకుమారి మొదలుపెట్టింది.

"నమాజుకి పోయా."

"కొట్టు?"

"షట్టర్ సగం దించి, అడ్డంగా స్టూలు పెట్టి పోతా. పదిహేనేళ్లుగా అంతే. ఎవురూ రారు."

"ఆ సంగతి ఎవరికి తెలుసు?"

"బ్రాడీపేటలో తెలియందెవురికి?"

"మసీదులో అలీ సాహెబ్ గార్ని అడిగాను. అయిదుకు మీరు ఆయన పక్కనే నిలబడ్డారట. అయిదూ ఇరవైకి బయటికొచ్చారట."

"ఫోటో టైమ్ మూడూ పది కదా మేడమ్!" అన్నాడు శ్రీకృష్ణ. "అయిదింటితో పనేంటి?"

"ఉంది." ఆమె కెమెరా బల్ల మీద పెట్టింది. "పొద్దున ఈ కెమెరాతో మా స్టేషన్ గడియారాన్ని ఫోటో తీశాను. బుల్లయ్య గారూ, గోడ గడియారంలో టైమెంత?"

బుల్లయ్య తెరలోకి వంగాడు. "తొమ్మిదీ ఇరవై."

"మూల ఎంత పడింది?"

"ఏడూ ఇరవై అయిదు... అదేంటి?"

"ఈ కెమెరా గడియారం గంటా యాభై అయిదు నిమిషాలు వెనక ఉంది. అంటే ఇందులో మూడూ పది అయినప్పుడు బయట అయిదూ అయిదు. ఆ ఫోటో తీసినప్పుడు సుభానీ మసీదులో ఉన్నాడు."



"ఇప్పుడు నిన్న పొద్దున మాస్టారు తీసినవి చూడండి. ఎండలో మిరపకాయలు. మూల 2001 జనవరి ఒకటి, రాత్రి రెండూ పద్నాలుగు. ఇరవై మూడు ఫోటోలూ అంతే. ఈ గడియారం ఎప్పుడో చచ్చిపోయింది. చివరి ఒక్క ఫోటోలోనే బతికింది. ఎవరో కొత్త సెల్లులు వేశారు. తారీకు ఎంత అని కెమెరా అడిగింది. ఆ మనిషి బుద్ధిగా తారీకు పెట్టి, టైమ్ మాత్రం తనక్కావలసింది పెట్టాడు. దొంగతనం చేసినవాడు తన కొట్లో తన బల్లనే ఫోటో తీసి, తన మీదే సాక్ష్యానికి టైమ్ పెట్టుకుంటాడా?"

మాస్టారు రెండు చేతులూ తల మీద పెట్టుకున్నారు. "జనవరి ఒకటి..." అన్నారు. "నాకు తోచలేదు. నాకెందుకు తోచలేదు?"

"నాకు చూడంగానే తోచింది మాస్టారూ" అన్నాడు సుభానీ, మొదటిసారి. "మీకూ తోస్తదనుకున్నా. అందుకే మిమ్మల్ని అడగమన్నా. తెల్లారేదాకా చూశా, వస్తారని."

దేవకుమారి కెమెరా ఎత్తింది. "ఒక్కొక్కరూ దీన్ని పట్టుకుని ఒక ఫోటో తీయండి. మాస్టారూ, ముందు మీరు."

మాస్టారు దాన్ని గుండెల దగ్గర పట్టుకున్నారు. నొక్కారు.

సుభానీ అందుకోగానే దాన్ని బోర్లా తిప్పి, సెల్లుల మూత గట్టిగా ఉందో లేదో చూశాడు. తర్వాత చెయ్యి చాపి నొక్కాడు.

"శ్రీకృష్ణ గారూ."

శ్రీకృష్ణ తీసుకున్నాడు. రోజంతా పెద్ద కెమెరాలు వాడే చెయ్యి. అలవాటుగా పైకి లేచింది. కుడి కంటి దాకా వచ్చింది.

జానెడు దూరంలో ఆగిపోయింది.

"ఆగారేం?"

అతను కెమెరాను కిందికి దించాడు.

"నిన్న ఆగలేదు" అంది దేవకుమారి. తెల్ల రుమాలు తీసి విప్పింది. మధ్యలో ఎర్రటి మరక. "ఆ కిటికీ నిండా కారం. మాస్టారు నాలుగేళ్లుగా దీన్ని షెడ్డుల్లో తిప్పుతున్నారు. కంటికి ఎందుకు ఆనించరో తెలుసా? ఆనిస్తే ఏమవుతుందో మిరపకాయల్లో పనిచేసే ఎవరికైనా తెలుసు. మీరు గడప దగ్గరే తుమ్మి పారిపోయారు. మీకు తెలియదు. కళ్లకలకైతే పుసి కడుతుంది, రెండో కంటికీ పాకుతుంది. ఇది కారం కన్ను. మా అమ్మకు చూశాను. చిన్నప్పుడు నాకే వచ్చింది."

"మేడమ్, ఇది మరీ—"

"ఢిల్లీ పుస్తకం పద్నాలుగో పేజీ."

శ్రీకృష్ణ కెమెరాను బల్ల మీద పెట్టేశాడు.

"మాస్టారి ఫోటో. మీ పేరు. జనవరి ఒకటి కనపడకుండా మూల కత్తిరించారు. ప్రదర్శన జరిగితే అదే బొమ్మ మాస్టారి గోడ మీద కనపడుతుంది. నిన్న రెండూ నలభై తర్వాత కిటికీలో చెయ్యి పెట్టారు. మూడింటికి కోచింగ్ సెంటర్లో ఉన్నారు, అందుకే ఫోటోకు మూడూ పది అని పెట్టారు. మాస్టారు పిలిస్తే వచ్చారు. స్కూటర్ మీద ఎక్కించుకున్నారు." ఆమె మాస్టారి వైపు తిరిగింది. "సార్, డబ్బా, కెమెరా ఆ స్కూటర్ సీటు కింద డిక్కీలో ఉన్నాయి. వాటి మీదే కూర్చుని మీరు ఫిర్యాదివ్వడానికి వచ్చారు. ఆ తర్వాత అయిదింటికి, ఈ కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు, కెమెరా ఈ సొరుగులోకి చేరింది."

మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు.

"కార్డులు పారేశావా?" దేవకుమారి గొంతు మారింది. ఇప్పుడు గారు లేదు.

"లేదు మేడమ్." శ్రీకృష్ణ కంటినుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. కారమో ఏడుపో తెలియలేదు. "స్టూడియోలో, పరదాల వెనక ఉన్నయ్యి. రెండుసార్లు కాలవ దాకా వెళ్లా. చేతులు రాలేదు. నా కెమెరా చూడండి మాస్టారూ, ఎంత పెద్దదో. దాంతో తీస్తే అందరూ బొమ్మల్లాగా నిలబడతారు. ఆ డొక్కుదాంట్లో మనుషులు ఊపిరి పీలుస్తారు. ఒక్కటి పంపా. ఒక్కటే కదా అనుకున్నా."

"ఆ బొమ్మ నీ పేరుతో పోతే పోయిందిరా" అన్నారు మాస్టారు. "సుభానీ పేరెందుకు రాయించావురా నాతో?"

కొట్లో మూల నుంచి సుభానీ అన్నాడు. "రాసింది ఆ బాబు. సంతకం మీది మాస్టారూ."

*

డబ్బా దొరికింది. నలభై ఒక్కటీ ఉన్నాయి. ప్రదర్శన ఆదివారం జరిగింది. జనం బాగానే వచ్చారు. ప్రతి ఫోటో మూలా 2001 జనవరి ఒకటి. నడి గోడ మీద పెద్ద ఫోటో: కొట్లో బల్ల మీదికి వంగి, అద్దం తుడుస్తున్న సుభానీ. దాని ముందు మాస్టారు సాయంత్రం దాకా నిలబడ్డారు. సుభానీ రాలేదు. చాంద్‌బీ రాలేదు. పిల్ల సంబంధం మళ్లీ కుదరలేదు.

కోర్టునుంచి కెమెరా చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది. మాస్టారు దాన్ని తీసుకుని సుభానీ కొట్టుకు వెళ్లారు. సెల్లుల మూత విరిగింది, బాగుచేస్తావా అని అడిగారు. అది సాకు. సుభానీకీ తెలుసు.

"రేపు రండి" అన్నాడు.

మర్నాడు మాస్టారు వెళ్లారు. సుభానీ కెమెరా ఆన్ చేసి ఇచ్చాడు. తెర మీద ఆ రోజు తారీకు ఉంది. ఆ నిమిషం ఉంది.

"లోపల చచ్చిపోయిన ముక్క మార్చా" అన్నాడు. "ఇంక సెల్లులు తీసినా తారీకు పోదు. ఎవురు ఎప్పుడేం చేశారో మీరు ఎవర్నీ అడగక్కర్లేదు."

మాస్టారు ఆ తారీకు చూశారు. "రేపు పొద్దున ఆరింటికి..." అన్నారు.

"మీరు పోయి రండి మాస్టారూ. నాకు పనుంది."

ఆ తర్వాత వాళ్లిద్దరూ కలిసి నడవగా ఎవరూ చూడలేదు.

ఇంత వివరంగా నాకెలా తెలుసని అడుగుతారేమో. స్టేషన్ సంగతులు దేవకుమారమ్మే చెప్పింది, మా ఇంట్లో మజ్జిగ తాగుతూ. ఆఖరి సంగతి చాంద్‌బీ చెప్పింది. మిగతాది నా కళ్లతో చూసిందే. ఆ ఎదురింటి గురవమ్మను నేనే.

శ్రీకృష్ణ చేసింది శ్రీకృష్ణ చేశాడు. మాస్టారు చేసింది మాస్టారు చేశారు. సంచి బరువుగా ఉందన్నది మాత్రం నేను. సుభానీ దొంగ అన్న మాట ఒక్క సాయంత్రంలో ఊరంతా తిరిగింది. కాదన్న మాటను నేను ఇన్నేళ్లుగా మోసుకు తిరుగుతున్నాను. అది మా సందు దాటడం లేదు.

అందుకే మిమ్మల్ని కూర్చోబెట్టాను. ఇక్కణ్ణుంచి లేచాక ఎవరికైనా చెప్పండి. తారీకులు తప్పినా ఫర్వాలేదు, నా పేరు వదిలేసినా ఫర్వాలేదు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకుని చెప్పండి. సుభానీ సంచిలో ఉన్నవి అయిపోయిన సెల్లులు, నాలుగు. సంచి తేలిగ్గా ఉంది.